పజిల్ గేమ్ స్టోర్ బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

నేను శ్రీకాకుళంలోనే ఉంటూ మొబైల్ గేమ్‌లకు బొమ్మలు గీస్తాను, ఎక్కువగా పజిల్ గేమ్‌లకే. గేమ్ చేసేవాళ్లు కోడ్ మీద నెలలకు నెలలు కూర్చుంటారు, ప్లే స్టోర్, యాప్ స్టోర్‌లలో పెట్టే ఐకాన్, స్క్రీన్‌షాట్లు మాత్రం ఆఖరి రెండు రోజుల్లో ఎలాగోలా కానిచ్చేస్తారు. కొత్త మనిషి ఆటను తెరవాలా, దాటిపోవాలా అని తేల్చుకునేది ఆ బొమ్మలు చూసే కదా, అందుకే నాకది బాధ. పదే పదే వినే మాటలు కొన్ని, వాటి వెనకున్న అసలు సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణలు దాదాపుగా ఒకే గేమ్‌వి. పలాస జీడిపప్పును గ్రేడ్ల వారీగా బుట్టల్లోకి ఏరే పజిల్ అది. డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అంటారే, ఆ అంకె ఒక పౌను బరువుకు సుమారు ఎన్ని గుండు పప్పులు తూగుతాయో చెబుతుంది. అంటే అంకె చిన్నదయ్యే కొద్దీ పప్పు పెద్దది. ఆటంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

అపోహ: ఐకాన్‌లో ఎంత పనితనం కనిపిస్తే అంత మంచిది.

ప్లే స్టోర్‌కు మనం ఇచ్చేది 512 పిక్సెళ్ల చదరం, యాపిల్‌కు 1024. మానిటర్ మీద అంత పెద్దగా పెట్టుకుని గీస్తాం కాబట్టి ప్రతి గీతా, ప్రతి మెరుపూ ముద్దొస్తుంది. చూసేవాళ్లకు అది బొటనవేలి గోరంత, అదీ బోలెడన్ని ఐకాన్ల మధ్య. నా మొదటి ఐకాన్‌లో జీడిపప్పు, దాని మీద సన్నగీతలు, కింద బుట్ట, బుట్ట అల్లిక, వెనక జీడితోట, పైన గేమ్ పేరు, అన్నీ ఉన్నాయి. పలాసలో గ్రేడింగ్ పని చేసే మా అప్పకు ఫోన్‌లో చూపిస్తే "ఏటిరా ఇది, రొయ్యా?" అంది. పొద్దస్తమానం పప్పు ఏరే మనిషికే అది పప్పులా కనిపించలేదంటే ఇంకెవరికి కనిపిస్తుంది?

తప్పెక్కడుందో ఆ రాత్రి కూర్చుని వెతికాను. పప్పుది లేత రంగు, వెనక వేసింది లేత పసుపు, వెలుగులో రెండింటికీ తేడా లేదు. పప్పు ఒంపూ, దాని మీద అడ్డగీతలూ కలిసి నిజంగానే రొయ్య పెంకులా తయారయ్యాయి. తోట తీసేశాను, గీతలు తీసేశాను, పేరు కూడా తీసేశాను, ఎందుకంటే పేరు ఐకాన్ పక్కన స్టోర్ ఎలాగూ చూపిస్తుంది. ముదురు ఊదా రంగు మీద ఒకే ఒక్క పెద్ద పప్పు, మందపాటి అంచు, దాన్ని పట్టుకున్న రెండు వేళ్లు. నా దృష్టిలో ఆ వేళ్లదే అసలు పని. పప్పు ఒక్కటే ఉంటే వంటల యాప్ అనుకోవచ్చు, వేళ్లుంటే ఇక్కడ ఏరాలి అని తెలిసిపోతుంది. పజిల్ గేమ్ బొమ్మ ఏదైనా సరే, చూడగానే చేతికి పనేంటో చెప్పాలి.

ఇప్పుడు ఏ ఐకాన్ గీసినా 48 పిక్సెళ్లకు కుదించి, రంగు తీసేసి నలుపు తెలుపుల్లో చూస్తాను. తర్వాత ఒక చవక ఫోన్‌లో వేసుకుని, వెలుతురు తగ్గించి, మధ్యాహ్నం ఎండలో ఆర్టీసీ కాంప్లెక్స్ బయట నిలబడి చూస్తాను. అక్కడ కనిపిస్తే ఎక్కడైనా కనిపిస్తుంది.

అపోహ: గుండ్రటి మూలలు, నీడ మనమే వేసి పంపాలి.

వద్దు. ప్లే స్టోర్ మూలల్ని తనే గుండ్రంగా కోస్తుంది, నీడా తనే వేస్తుంది. నిండు చదరం పంపండి, ముఖ్యమైనదేదీ మూలలకు ఆనించకండి.

అపోహ: ఐకాన్ మీద "నంబర్ 1", "ఫ్రీ" అని రాస్తే జనం నొక్కుతారు.

గూగుల్ నిబంధనలే దాన్ని ఒప్పుకోవు. ర్యాంకు, ధర, ఆఫర్ లాంటివి ఐకాన్‌లోనే కాదు, గేమ్ పేరులో కూడా ఉండకూడదు.

అపోహ: ఫీచర్ గ్రాఫిక్ అంటే ఫ్లెక్సీ లాంటిదే.

ఏడురోడ్ల జంక్షన్‌లో కట్టే ఫ్లెక్సీలో అందరి ముఖాలూ, అందరి పేర్లూ ఉండాలి, లేకపోతే కట్టించినవాళ్లు ఊరుకోరు. దాని అవసరం వేరు. ఫీచర్ గ్రాఫిక్ అనేది ప్లే స్టోర్‌కు ఇచ్చే 1024కు 500 పిక్సెళ్ల అడ్డబొమ్మ, ప్రచార వీడియో పెడితే దానికి ఇదే అట్ట, సరిగ్గా నడిమధ్యన ప్లే బటన్ వచ్చి కూర్చుంటుంది. నడుమ పాత్ర ముఖమో, గేమ్ పేరో పెట్టారంటే దాని మీదే బటన్ పడుతుంది. ఆట జరిగే చోటును ఒక పక్కకు, పేరును మరో పక్కకు జరిపి నడుమ ఖాళీ ఉంచండి.

అపోహ: మొదటి స్క్రీన్‌షాట్ టైటిల్ పేజీ అయితే హుందాగా ఉంటుంది.

యాపిల్ మార్గదర్శకాల్లోనే ఉంది, స్క్రీన్‌షాట్లు యాప్ వాడుతున్నప్పటివి కావాలి, ఉత్త టైటిల్ బొమ్మో, లాగిన్ పేజీయో సరిపోదని. ప్లే స్టోర్‌లో ఒక్కో రకం పరికరానికి 8 దాకా, యాపిల్‌లో 10 దాకా పెట్టొచ్చు కానీ, యాప్ స్టోర్ వెతుకులాట ఫలితాల్లో కనిపించేది నిలువు బొమ్మలైతే మొదటి మూడే. పనంతా ఆ మూడింట్లోనే జరిగిపోవాలి.

మొదటిదానికి నేను ఎప్పుడూ ఇంకా పూర్తికాని ఆటను ఎంచుకుంటాను. ఖాళీ బోర్డులో చేయడానికేమీ కనిపించదు, పూర్తయిన బోర్డులో చేయడానికేమీ మిగలదు. ఇంకో రెండు ఎత్తుల్లో అయిపోతుంది, ఆ ఎత్తు చూసేవాడికి కనిపిస్తోంది, అయినా తను వేయలేడు, ఎందుకంటే అది బొమ్మ. అక్కడ పుట్టే ఆత్రమే ఆటను ఇన్‌స్టాల్ చేయిస్తుంది. జీడిపప్పు గేమ్‌లో దీనికి ఒక చిక్కు వచ్చింది, పప్పులన్నీ ఒకే రంగు. బుట్టలకు రంగులిచ్చాం. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు ఉంటారు, మగవాళ్లలో మరీ ఎక్కువ, కాబట్టి రంగుతో పాటు ఆకారం కూడా మార్చాం: ఒకటి గుండ్రటి బుట్ట, ఒకటి చాట, ఒకటి డబ్బా.

ఇక పైన రాసే మాటల సంగతి. తెలుగులో రాస్తే ఇంగ్లీషుకు సరిపోయిన చోటు సరిపోదు. పైన గుడి, కింద వత్తు, వరస కింద వరస పెడితే ఒకదాని వత్తు ఇంకోదాని గుడిని తాకుతుంది, చిన్న అక్షరాలైతే వత్తులు మసకబారి చదవలేం. "జీడిపప్పులను గ్రేడ్ల వారీగా వర్గీకరించండి" అని ఒకరు రాసిచ్చారు, నేను "ఏరండి, నింపండి" అని మార్చాను. వత్తు ఒక్కటీ లేదు, ఎంత చిన్నగా ఉన్నా చదవొచ్చు. మాటలు బొమ్మలో ఐదో వంతు మించకూడదన్నది గూగుల్ ఇచ్చే సలహా, నేను అంత కూడా వాడను. ఫోటోషాప్‌లో అక్షరాలు విడివిడిగా చెల్లాచెదురైతే ఫాంట్‌ను తిట్టకండి, టైప్ సెట్టింగ్స్‌లో దక్షిణాసియా భాషల ఎంపిక మార్చి చూడండి. మన డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లు బొమ్మ లోపలికి పనికొస్తాయి, స్టోర్‌లో టైప్ చేసే వివరణకు మాత్రం యూనికోడ్ తెలుగే (ఫోన్లలో మామూలుగా టైప్ చేసే తెలుగు) కావాలి.

అపోహ: ఆటలో లేనిది చూపించినా పరవాలేదు, అందరూ చేసేదే.

2020లో బ్రిటన్ అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ అథారిటీ హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ గేమ్‌ల ప్రకటనలు తప్పుదోవ పట్టిస్తున్నాయని తేల్చింది. వాటిలో చూపించింది పిన్నులు లాగే పజిల్, గేమ్‌లో ఎక్కువ భాగం మూడేసి కలిపే ఆట. అంత పెద్ద గేమ్‌లు ఆ మాట పడి నిలదొక్కుకుంటాయేమో కానీ, పది మంది ఒక స్టార్ ఇచ్చి వెళ్లిపోతే చిన్న గేమ్ లేవలేదు. నన్ను అలాంటివి గీయమంటే ఒప్పుకోను, నమ్మి వచ్చినవాళ్లను మోసం చేసినట్టే కదా.

అపోహ: టీమ్‌లో అందరికీ నచ్చింది కాబట్టి అయిపోయినట్టే.

టీమ్‌లో అందరికీ ఆట ముందే తెలుసు, వాళ్ల కళ్లకు బొమ్మలో లేనిది కూడా కనిపిస్తుంది. ప్లే కన్సోల్‌లో (గేమ్‌ను ప్లే స్టోర్‌లో పెట్టేవాళ్లు వాడే సైట్) ఇప్పుడున్న బొమ్మకు పోటీగా మూడు దాకా కొత్తవి పెట్టి, కొందరికి ఒకటి, కొందరికి ఇంకొకటి చూపించి పరీక్షించవచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు. యాపిల్‌లోనూ మూడే, 90 రోజుల దాకా నడపొచ్చు, ఐకాన్‌ను పరీక్షించాలంటే మాత్రం ఆ ఐకాన్లు ముందే యాప్ బిల్డ్‌లో, అంటే స్టోర్‌కు పంపే గేమ్ ఫైల్‌లో ఉండాలి. రెండు రోజులకే ఆపేయొద్దు, ఆదివారం ఆడేవాళ్లు వేరు, మంగళవారం ఆడేవాళ్లు వేరు, కనీసం ఒక వారం వదిలేయండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, రంగూ ఆకారమూ కలిపి మార్చేస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

రోజుకు నలుగురు కూడా చూడని గేమ్ అయితే ఆ పరీక్ష ఎటూ తేలదు. అప్పుడు ఆట గురించి తెలియని మనిషికి బొమ్మను ఐదు క్షణాలు చూపించి, ఫోన్ వెనక్కి తీసుకుని "ఇందులో ఏం చేయాలి?" అని అడగండి. "బాగుందా?" అని అడగొద్దు, మనవాళ్లెవరూ బాలేదని మొహం మీద చెప్పరు. కొత్త ఐకాన్‌ను మా అప్పతో పాటు పనిచేసే ఆడవాళ్లకు ఇలాగే చూపించాను. "ఏరాలి" అన్నారు చాలామంది, ఒకావిడ మాత్రం "పప్పు తినాలి" అంది. వేళ్లు పప్పును నోటికి తీసుకెళ్తున్నట్టు పైకి తిరిగి ఉన్నాయి, అదీ కారణం. ఈ వారం వేళ్లను కిందికి తిప్పి, అది ఒక్కటే మార్చి, మళ్లీ పరీక్షకు పెట్టాను.