గల్ఫ్ స్ట్రీమ్ తగ్గిందా, కొలతే మారిందా?

ఫ్లోరిడాకూ బహామా దీవులకూ మధ్య ఒక జలసంధి ఉంది, వెడల్పు సుమారు 80 కిలోమీటర్లు. అందులోంచి సెకనుకు దాదాపు 3 కోట్ల 20 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు ఉత్తరంవైపు పోతుంటాయి. ప్రపంచంలోని నదులన్నీ కలిసి సముద్రంలో పోసేది సెకనుకు 12 లక్షల ఘనపు మీటర్లే, అంటే ఈ ఒక్క సందులో దానికి పాతిక రెట్లకు పైనే పారుతోందన్నమాట. దీన్ని ఫ్లోరిడా ప్రవాహం అంటారు, అట్లాంటిక్‌లో వెచ్చని నీటిని ఉత్తరానికి మోసే గల్ఫ్ స్ట్రీమ్‌కి మొదలు ఇదే. ప్రతిసారీ ఇన్ని సున్నాలు రాయలేక సముద్ర శాస్త్రవేత్తలు సెకనుకు పది లక్షల ఘనపు మీటర్లను ఒక స్వెర్‌డ్రప్ అనుకున్నారు, నార్వేకి చెందిన హరాల్డ్ స్వెర్‌డ్రప్ పేరు మీద. ఆ లెక్కన ఇది 32 స్వెర్‌డ్రప్‌లు.

ఈ 32 ఎలా తెలిసింది అన్నది అసలు కథ. ఓడలో వెళ్లి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా అక్కడక్కడ ఆగి, పరికరాన్ని అడుగుదాకా వదిలి నీటి వేగం చూడొచ్చు. చూస్తారు కూడా. కానీ అది ఆ రోజు లెక్క మాత్రమే. ప్రవాహం కొద్ది రోజుల్లోనే కొన్ని స్వెర్‌డ్రప్‌లు పెరుగుతుంది, తగ్గుతుంది, రోజూ ఓడ పంపే డబ్బు ఎవరి దగ్గరా ఉండదు.

ఇక్కడ పనికొచ్చింది సముద్రం అడుగున పడి ఉన్న టెలిఫోన్ కేబుల్. ఉప్పునీటిలో విద్యుదావేశం ఉన్న అయాన్లు ఉంటాయి, ఆ నీళ్లు భూమి అయస్కాంత క్షేత్రంలో కదులుతుంటే ధనావేశం ఒక పక్కకీ ఋణావేశం ఇంకో పక్కకీ జరుగుతాయి, దాంతో జలసంధి రెండు ఒడ్డుల మధ్య కొంచెం వోల్టేజ్ పుడుతుంది. ఎంత నీరు పోతే అంత వోల్టేజ్. అడ్డంగా పడి ఉన్న కేబుల్‌కి మీటర్ తగిలిస్తే చాలు. ఈ ఆలోచన కొత్తదేం కాదు, మైకేల్ ఫారడే 1832లోనే లండన్‌లోని వాటర్లూ వంతెన మీంచి థేమ్స్ నదిలోకి తీగలు దించి ప్రయత్నించాడు, పాపం కుదరలేదు. ఫ్లోరిడా దగ్గర మాత్రం 1982లో మొదలై నాలుగు దశాబ్దాలకు పైగా ఈ పద్ధతి పనిచేసింది. ఒక సముద్ర ప్రవాహం మీద దాదాపు రోజూ కొలిచిన నాలుగు దశాబ్దాల రికార్డు చాలా అరుదు, నా దృష్టిలో ఇది సముద్ర శాస్త్రంలో అన్నిటికన్నా చవకగా దొరికిన సంపద.

కానీ వోల్టేజ్ ఒక్క నీటి మీదే ఆధారపడదు కదా. సూర్యుడి వల్ల అయస్కాంత క్షేత్రం రోజూ కాస్త కదులుతుంది, దానికీ కేబుల్‌లో వోల్టేజ్ పుడుతుంది. ఆటుపోట్లకీ పుడుతుంది. వీటిని వడకట్టడం తెలిసిన పనే. ఎవరి కంటా పడకుండా తప్పించుకున్నది ఇంకొకటి, మరీ నెమ్మదిగా జరిగేది: ఆ ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రమే ఏళ్ల తరబడి బలహీనపడుతోంది. క్షేత్రం తగ్గితే, నీటి ప్రవాహంలో ఏ మార్పూ లేకపోయినా వోల్టేజ్ తగ్గుతుంది. మనం దాన్ని చూసి "ప్రవాహం తగ్గింది" అనుకుంటాం.

2023లో క్రిస్టఫర్ పీకచ్, లీసా బీల్ అనే సముద్ర శాస్త్రవేత్తలు కేబుల్, ఓడలు, శాటిలైట్ల లెక్కల్ని కలిపి నాలుగు దశాబ్దాల్లో ప్రవాహం సుమారు 4 శాతం తగ్గిందని చెప్పారు. మరుసటి ఏడాది డెనిస్ వోల్కోవ్ బృందం అయస్కాంత క్షేత్రం మార్పుని లెక్కలోకి తీసుకుని కేబుల్ రికార్డుని సరిచేస్తే, ప్రవాహం దాదాపు నిలకడగానే ఉన్నట్టు తేలింది. వెచ్చని నీటిని పైపైన ఉత్తరానికీ, చల్లని నీటిని లోతున దక్షిణానికీ తిప్పే అట్లాంటిక్ ప్రవాహ వ్యవస్థ మొత్తం బలహీనపడుతోందన్న అంచనా కూడా దాంతో కొంత తగ్గింది, ఎందుకంటే ఆ లెక్కలో ఈ 32 కూడా ఒక భాగం. ఓడలతో విడిగా కొలుస్తూ వచ్చిన రికార్డు ఉండబట్టే ఇలా పోల్చి చూసుకోవడం కుదిరింది. కేబుల్ ఉంది కదా, ఇక ఓడలెందుకు దండగ అని ఎవరైనా ఆపేసి ఉంటే?

ఇలాంటిదే ఇంకోటి. 2005లో ఒక పరిశోధనా పత్రం 1957 నుంచి 2004 దాకా ఓడలతో చేసిన ఐదు కొలతలు చూసి, 25 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర అట్లాంటిక్ వ్యవస్థ 30 శాతం పడిపోయిందని చెప్పింది. వార్తాపత్రికల్లో పెద్ద గోల. అప్పటికే 2004లో ర్యాపిడ్ అనే ప్రాజెక్టు కింద అట్లాంటిక్‌కి అడ్డంగా నిలువు తాళ్లకి పరికరాలు కట్టి దించారు, అవి ఆపకుండా కొలవడం మొదలుపెట్టాయి. మొదటి ఏడాదిలోనే ఈ వ్యవస్థ ప్రవాహం 4 నుంచి 35 స్వెర్‌డ్రప్‌ల దాకా ఊగింది. ఏడాదిలోనే అంత ఊగే దాన్ని యాభై ఏళ్లలో ఐదుసార్లు చూసి ధోరణి చెప్పడం ఎంత కష్టమో అప్పుడు అర్థమైంది.

ఇక మోడల్స్. కంప్యూటర్‌లో సముద్రాన్ని గళ్లుగా కోసి, ఒక్కో గడికి ఒక్కో వేగం, ఉష్ణోగ్రత, ఉప్పదనం పెట్టి, గాలి, భూభ్రమణం, సాంద్రత తేడాలు నీటిని ఎటు నెడతాయో లెక్కిస్తారు. చాలా క్లైమేట్ మోడల్స్‌లో ఒక గడి సుమారు 100 కిలోమీటర్లు. మన జలసంధి 80. అంటే సెకనుకి మూడు కోట్ల ఘనపు మీటర్లు పోయే దారి ఒక్క గడిలోనే ఇమిడిపోతుంది! అందుకే అలాంటి మోడల్స్‌లో ఇరుకు దారుల్ని చేత్తో వెడల్పు చేయడం, లోతు సర్దడం మామూలే.

అంతకంటే తలనొప్పి నార్త్ కరోలినాలోని కేప్ హాటరస్ దగ్గర. నిజమైన గల్ఫ్ స్ట్రీమ్ అక్కడ తీరాన్ని వదిలి సముద్రం లోపలికి తిరుగుతుంది. ముతక గళ్ల మోడల్స్‌లో మాత్రం తీరాన్నే అంటిపెట్టుకుని ఇంకా ఉత్తరానికి పోయేది, దశాబ్దాల పాటు ఇదే గొడవ. గడిని 10 కిలోమీటర్ల దాకా తగ్గించాక గానీ ప్రవాహం సరైన చోట మళ్లలేదు, ఎందుకంటే ఆ మలుపులో పదుల నుంచి వందల కిలోమీటర్ల సుడులకీ అడుగున ఉన్న వాలుకీ పాత్ర ఉంది, 100 కిలోమీటర్ల గడికి అవి కనపడవు. తగ్గించడం తేలిక కాదు. పొడవు, వెడల్పు పదేసి రెట్లు సన్నం చేస్తే కాలాన్ని కూడా పది రెట్లు చిన్న అడుగులుగా నడపాలి, మొత్తం లెక్క వెయ్యి రెట్లు పెరుగుతుంది. శతాబ్దాల వాతావరణాన్ని నడపాల్సిన మోడల్‌కి అది మోయలేని బరువు, అందుకని సుడుల బదులు ఒక ఫార్ములా పెట్టి, అందులో ఒక అంకెని సర్దుకుంటూ పోతారు.

అలా సర్దిన మోడల్ కూడా సగటు 32 తెప్పించగలదు, జలసంధిని తగినంత వెడల్పు చేస్తే సరి. అందుకే సగటు కుదిరిందని ఎవరైనా గ్రాఫ్ చూపిస్తే నేను పెద్దగా నమ్మను. కేబుల్‌లో కనపడే రోజువారీ ఊగిసలాట, ఋతువుల తేడా కూడా ఆ మోడల్‌లో వస్తున్నాయా అన్నది చూడాలి, చాలా మోడల్స్ తడబడేది అక్కడే.