"నేను హాఫే కదా, నాకు హక్కుందా?" - మిశ్రమ వారసత్వం ఆర్ట్ మీద అపోహలు, వాస్తవాలు

పోయిన వారం వర్క్‌షాప్ అయిపోయాక ఒక అమ్మాయి అందరూ వెళ్ళేదాకా ఆగి మెల్లగా అడిగింది, "అక్కా, మా నాన్న వైపు భాష నాకు సరిగ్గా రాదు, వాళ్ళ మీద వీడియో చేస్తే తప్పా?" అని. వీడియో, సౌండ్, ఇంట్లో పాత ఫోటోలు కలిపి ఇన్‌స్టలేషన్లు (గదిలో అమర్చి చూపించే ఆర్ట్) చేస్తున్న ఇన్నేళ్ళలో ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, అదీ గొంతు తగ్గించి, ఏదో నేరం చేసినట్టు. అందుకే రాస్తున్నా.

అపోహ: అమ్మ వైపు, నాన్న వైపు భాషలు రెండూ పూర్తిగా వచ్చినవాళ్ళే ఈ ఆర్ట్ చెయ్యాలి.

మా ఫీల్డ్‌లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఎందుకంటే "ముందు భాష నేర్చుకుందాం, తర్వాత మొదలుపెడదాం" అని మనం ఆగుతాం, ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం మన కోసం ఆగరు. నేనూ అలాగే ఆగాను. నాన్నమ్మ భాష నాకు సగమే అర్థమయ్యేది, వ్యాకరణం పుస్తకం కొని నాలుగేళ్ళు నేర్చుకున్నా, ఇంకొంచెం వచ్చాక రికార్డ్ చేద్దాం అనుకుంటుండగానే ఆవిడ పోయారు. చివరికి మిగిలింది ఒక్క క్యాసెట్. పెడితే గొంతు ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుంది, విప్పి చూస్తే టేప్‌ని ప్లేయర్‌లో శబ్దం చదివే హెడ్‌కి నొక్కి పట్టే చిన్న మెత్త ఊడిపోయింది. స్క్రూలు తీసి, చుట్టలు రెండూ జాగ్రత్తగా ఇంకో ఖాళీ క్యాసెట్‌లోకి మార్చి మళ్ళీ పెడితే అప్పుడు వినిపించింది, నా పేరు, తర్వాత "రా, కూర్చో", తర్వాత నాకు ఒక్క ముక్క అర్థంకాని ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలు సబ్‌టైటిల్ లేకుండా అలాగే చీకటి గదిలో వినిపించా. నా వర్క్‌లో జనం ఎక్కువసేపు నిలబడింది అక్కడే.

అర్థంకానిది కూడా మన వారసత్వమే. మోనా హతూమ్ అనే ఆర్టిస్ట్ 1988లో చేసిన వీడియోలో తెర నిండా వాళ్ళమ్మ అరబిక్‌లో రాసిన ఉత్తరాల అక్షరాలు ఉంటాయి, ఆ అక్షరాల వెనకాల అమ్మ రూపం లీలగా కనిపిస్తుంది, అవే ఉత్తరాల్ని కూతురు ఇంగ్లీషులో చదువుతుంటుంది. పాలస్తీనా తల్లిదండ్రులకి బేరూత్‌లో పుట్టి, 1975లో లెబనాన్‌లో యుద్ధం మొదలై లండన్‌లో ఉండిపోయిన మనిషి ఆవిడ. అమ్మకీ తనకీ మధ్య ఉన్న ఆ దూరాన్నే వర్క్ చేసింది. అదే ఏడాది ఏడ్రియన్ పైపర్ అనే ఆర్టిస్ట్ అమెరికాలో ఒక గది మూలలో టీవీ పెట్టి, దాని ముందు టేబుల్ బోర్లించి, గోడకి వాళ్ళ నాన్నవి రెండు బర్త్ సర్టిఫికెట్లు తగిలించింది, ఒకదాంట్లో ఆయన తెల్లజాతి, రెండోదాంట్లో ఎనిమిదో వంతు నల్లజాతి. సర్కారు కాగితాలే ఒక మనిషి గురించి ఒక్క మాట మీద లేనప్పుడు నువ్వు ఎవరికి ప్రూఫ్ చూపించాలమ్మా?

అపోహ: డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకుంటే తేలిపోతుంది.

తేలదు. ఆ పర్సెంటేజీలు కంపెనీ దగ్గరున్న శాంపిల్స్‌తో పోల్చి వేసిన అంచనా, వాళ్ళు డేటా అప్‌డేట్ చేస్తే నీ అంకె కూడా మారుతుంది. అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తుంది నిజమే, కానీ తాత నుంచి కచ్చితంగా పాతిక శాతం రావాలని లేదు, అన్నకీ చెల్లికీ లెక్క వేరే రావచ్చు. చెల్లికి తక్కువ వచ్చిందని తాత ఆమెకి తక్కువ తాత అయిపోతాడా?

అపోహ: రెండు మొహాలు కలిపి మార్ఫ్ చేస్తే ఐడెంటిటీ ఆర్ట్.

ఇది చూసీ చూసీ విసుగొచ్చింది. కిప్ ఫుల్‌బెక్ అనే అమెరికన్ ఆర్టిస్ట్ 2001లో మొదలుపెట్టి వెయ్యిమందికి పైగా మిశ్రమ వారసత్వం వాళ్ళని నగలు, ఎక్కువ మేకప్ లేకుండా ఫోటో తీశాడు, "నువ్వు ఏంటి?" అనే ప్రశ్నకి జవాబు ఎవరికి వాళ్ళనే చేత్తో రాయమన్నాడు. ఆయన ఏ మొహాన్నీ ఇంకో మొహంతో కలపలేదు, వాళ్ళనే మాట్లాడనిచ్చాడు, అంతే.

అపోహ: రికార్డింగ్ ఫోన్‌లో ఉంది, క్లౌడ్‌లో ఉంది, ఇక భయం లేదు.

ఒక్క చోట ఉన్నది లేనట్టే లెక్క. మూడు కాపీలు, రెండు రకాల డ్రైవ్‌ల మీద, ఒకటి వేరే ఇంట్లో. పాత క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎంపీ3 వద్దు, వేవ్ (WAV) ఫైల్, వీలైతే సెట్టింగ్స్‌లో 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ క్వాలిటీ. ఇంకోటి, ఇంట్లోవాళ్ళ ఫోటోలు, గొంతులు బయట చూపించే ముందు వాళ్ళని అడగండి, మనవాళ్ళే కదా అని వదిలెయ్యకండి.

ఆ అమ్మాయికి తాతగారు ఇంకా ఉన్నారట. భాష సంగతి తర్వాత, ముందు ఆయన ఒప్పుకుంటే ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆయన పక్కన కూర్చుని రికార్డ్ నొక్కు, ఎవరూ మాట్లాడని ఖాళీ గది శబ్దం కూడా ఒక నిమిషం తీసుకో అన్నాను. మొన్న ఆదివారం కాల్ చేసింది. మొదటి పది నిమిషాలు ఆయనే ఆమెని ప్రశ్నలు అడిగారట.