చెవి వెనుక పెట్టుకునే వినికిడి యంత్రాలు: అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో వినికిడి పరీక్షలు చేసే నా దగ్గరకు వచ్చే తెలుగువారిలో గోపాల్‌పూర్ తీరపు మత్స్యకారులు, పట్టణంలోని నేత కుటుంబాల పెద్దలు, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవారు ఉంటారు. యంత్రం కొనే ముందు చాలామంది అడిగే మొదటి ప్రశ్న "ఇందులో ఏమేమి ఆప్షన్లు ఉన్నాయి?" అన్నదే. ఆ ఆప్షన్లలో ఏది ఎవరి చెవికి, ఎలాంటి ఇంటికి, ఎలాంటి వాతావరణానికి పనికొస్తుందో విడమరిచి చెప్పేవారు తక్కువ కావడంతో డబ్బు ఖర్చవుతోంది గానీ అవసరం తీరడం లేదు.

అపోహ: ఛానళ్లు ఎన్ని ఎక్కువ ఉంటే అంత స్పష్టంగా వినిపిస్తుంది.

వాస్తవం: వయసుతో వచ్చే వినికిడి లోపం సాధారణంగా హెచ్చు పౌనఃపున్యాల వద్ద, అంటే సన్నని కీచు ధ్వనుల దగ్గర మొదలవుతుంది. అచ్చులు చాలావరకు వినిపిస్తూనే ఉంటాయి. స, శ, చ, త వంటి హల్లులు మాత్రం చెవికి సరిగా అందవు. "మాట వినపడుతోంది గానీ ఏమన్నారో తెలియడం లేదు" అని పెద్దలు చెప్పేది ఇందుకే. ధ్వనిని పౌనఃపున్యాల వారీగా విడదీసి, ఎక్కడ ఎంత లోపం ఉందో అక్కడ అంత పెంచడానికి ఛానళ్లు ఉపయోగపడతాయి. అవి తగినన్ని ఉండాలి, కానీ ఒక స్థాయి దాటాక సంఖ్య పెరిగినంతగా ప్రయోజనం పెరగదు. అసలు తేడా అమరికలోనే ఉంది. ఆస్ట్రేలియాలోని నేషనల్ అకౌస్టిక్ లేబొరేటరీస్ రూపొందించిన ఎన్.ఏ.ఎల్.-ఎన్.ఎల్.2 వంటి సూత్రం ఆడియోగ్రామ్‌ను, అంటే వినికిడి పరీక్ష ఫలితాల పటాన్ని బట్టి ధ్వనిని ఎక్కడ ఎంత పెంచాలో సూచిస్తుంది. ఆ ధ్వని నిజంగా కర్ణభేరి దాకా చేరుతోందో లేదో, మెత్తని సన్న గొట్టాన్ని చెవి కాలువలో ఉంచి మైకుతో కొలిచి చూడాలి. ఇలా సరిచూసిన ఎనిమిది ఛానళ్ల యంత్రం, కొలవకుండా ఇచ్చిన ఇరవై ఛానళ్ల యంత్రం కంటే మేలని నా దృఢమైన అభిప్రాయం.

అపోహ: నాయిస్ రిడక్షన్ (చప్పుడును తగ్గించే ఆప్షన్) ఉంటే పెళ్లి పందిట్లో కూడా మాటలు స్పష్టంగా వినిపిస్తాయి.

వాస్తవం: ఫ్యాను, మోటారు వంటి ఒకే తీరు చప్పుడును అది తగ్గిస్తుంది, దాంతో వినేవారికి అలసట తగ్గుతుంది. పందిట్లో అడ్డుపడేది మాత్రం ఇతరుల మాటలే కనుక, యంత్రం వాటిని వేరు చేయడం కష్టం. అక్కడ ఎక్కువగా సాయపడేది దిశను గుర్తించే జంట మైకులు. యంత్రం పైభాగంలో ముందొకటి, వెనుకొకటి ఉండే రెండు సన్న రంధ్రాలలోకి ధ్వని చేరే సమయంలోని అతిస్వల్ప తేడాను బట్టి, ఎదుటి మాటను నిలిపి వెనుక చప్పుడును తగ్గిస్తాయి. ఇందుకు ఆ రెండు రంధ్రాలూ నేలకు సమాంతరంగా ఒకే వరుసలో ఉండాలి. యంత్రం నుంచి చెవిలోకి ధ్వనిని తెచ్చే గొట్టాన్ని అవసరానికి మించి పొడవుగా కత్తిరిస్తే యంత్రం చెవి వెనక్కి జారి, ముందు రంధ్రం ఆకాశం వైపు తిరుగుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన మైకులైనా సగం పనే చేస్తాయి. వంటింట్లోంచి కోడలు వెనుక నుంచి పిలిస్తే, ఎదుటి మాటనే నిలిపే ఈ ప్రోగ్రామ్‌లో (యంత్రపు సెట్టింగులో) వినపడకపోవచ్చు కనుక, ఇంట్లో అన్ని వైపులా వినే ప్రోగ్రామ్ పెట్టుకోవడం మంచిది.

అపోహ: చెవి వెనుక పెట్టేది పాతకాలపుది, చెవి లోపల ఇమిడేదే ఆధునికం.

వాస్తవం: స్వల్ప లోపం నుంచి అతి తీవ్ర లోపం దాకా సరిపడే శక్తి చెవి వెనుక రకానికే ఉంది. మన తీరప్రాంతపు ఉప్పుగాలికీ, చెమటకూ కూడా నేను ముందుగా దీన్నే సూచిస్తాను, ఎందుకంటే పాడైన గొట్టాన్నీ, చెవి లోపల ఇమిడే అచ్చు అయిన మౌల్డ్‌నూ విడిగా మార్చుకోవచ్చు. వానాకాలంలో పారదర్శకమైన గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే లోపల చిన్న నీటి బొట్టు కనిపిస్తుంది. ఆ ఒక్క బొట్టు దారిని మూసేస్తే యంత్రం చెడిపోయిందనుకుంటారు. మౌల్డ్‌ను గొట్టంతో సహా యంత్రం నుంచి విడదీసి, రబ్బరు బల్బుతో గాలి ఊది, రాత్రి యంత్రాన్ని సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో ఉంచాలి. గట్టిపడి పచ్చబడిన గొట్టాన్ని మార్పించాలి. దుమ్ము, నీరు తట్టుకునే స్థాయిని తెలిపే ఐపీ 68 గుర్తు ఉన్నా దానితో సముద్ర స్నానం చేయకూడదు. ఆ పరీక్ష చేసేది మంచినీటిలో.

అపోహ: ఛార్జింగ్ యంత్రమే అందరికీ మంచిది.

వాస్తవం: వేళ్లు వణికేవారికి అది నిజంగా వరం. అయితే 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తర్వాత కరెంటు లేని రోజులను ఈ జిల్లా మరచిపోలేదు. పల్లెల్లో ఉండేవారికి నారింజ రంగు గుర్తున్న 13 నంబరు లేదా నీలం గుర్తున్న 675 నంబరు సెల్లు నేటికీ నమ్మకమైనవి. ఇవి గాలి తగిలితేనే పనిచేస్తాయి కనుక, స్టిక్కర్ తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి అమర్చాలి. స్టిక్కర్ మళ్లీ అంటించినంత మాత్రాన సెల్లు ఖర్చవడం ఆగదు.

అపోహ: బ్లూటూత్ ఉంటే ఏ ఫోనైనా నేరుగా చెవిలో పలుకుతుంది.

వాస్తవం: కాదు. మీ ఫోను మోడల్‌తో కలుస్తుందో లేదో కొనే ముందే మీ ఎదుట కలిపి చూపించమని అడగండి.

అపోహ: మాటల పరీక్ష ఏ భాషలో చేసినా ఒకటే.

వాస్తవం: ఇంట్లో తెలుగే మాట్లాడే పెద్దావిడకు ఒడియా మాటల జాబితా వినిపిస్తే, తెలియని మాట దగ్గర ఆమె తడబడినా చెవి లోపంగానే నమోదయ్యే ప్రమాదం ఉంది. "అమ్మా, నేను అన్న మాట తిరిగి అనండి" అని తెలుగులో అడిగి, తెలుగు మాటలతో పరీక్షించమని కోరే హక్కు మీకుంది. పరీక్ష చేసేవారికి, ఈ రంగపు నిపుణులను నమోదు చేసే భారత పునరావాస మండలి నమోదు ఉందో లేదో కూడా అడగండి. 40 శాతం వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి ఆదాయ పరిమితికి లోబడి, వికలాంగులకు సహాయక పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కింద, 60 ఏళ్లు దాటిన పేదలకు 2017లో నెల్లూరులో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద యంత్రాలు అందుతాయి. శిబిరంలో తీసుకున్న యంత్రమైనా సరే, ఆడియోగ్రామ్ కాగితంతో తీసుకువస్తే దాని అమరికను సరిచూడవచ్చు.