చెరువు పచ్చిక, నత్త, కార్జపు జలగ

ఈశాన్య రుతుపవనాలకు నిండిన తిరుపతి, చిత్తూరు చెరువులు సంక్రాంతి దాటాక మెల్లగా లోపలికి తగ్గుతాయి. బయట బీళ్లు మాడుతుంటే, నీళ్లు తీసిన మేర గరిక, తుంగ పచ్చగా లేస్తాయి. ఊళ్లో పశువులూ, జీవాలూ అక్కడికే. మూడు నాలుగు నెలలకు దవడ కింద నీరు దిగి, పాలు తగ్గి, పారుడు పట్టుకుంటే తప్పు తొలకరి పచ్చిమేత మీదికి పోతుంది. మేసిన రోజుకూ జబ్బు బయటపడే రోజుకూ మధ్య ఉన్న ఈ ఎడమే పశువుల కార్జంలో బతికే చదును పురుగు కార్జపు జలగ (లివర్ ఫ్లూక్) గుట్టును శతాబ్దాలు దాచింది.

ఫ్రాన్స్‌లో 1379 నాటికే జాన్ ద బ్రీ అనే గొర్రెల కాపరి గొర్రెల కార్జంలో దీన్ని గుర్తించాడు. ఏదో చెడ్డ మొక్క తినడం వల్ల పుడుతుందనుకున్నాడు. 1879-80 చలికాలంలో ఇంగ్లండ్‌లో సుమారు 30 లక్షల గొర్రెలు చచ్చాక గానీ వెతుకులాట ఊపందుకోలేదు. 1882లో ఆక్స్‌ఫర్డ్‌లో థామస్, లైప్‌జిగ్‌లో లాయ్‌కార్ట్ అనే పరిశోధకులు ఎవరికి వారుగా, దీన్ని మోసేది చిన్న మంచినీటి నత్తేనని తేల్చారు.

మన దగ్గరి జలగ వేరే జాతి, ఫాసియోలా జైగాంటికా. 1855లో కోబోల్డ్ అనే శాస్త్రవేత్త జిరాఫీ కార్జంలో చూసి పేరు పెట్టాడు. దీన్ని మోసేది లిమ్నియా నత్త. గుల్ల మొన పైకి, నోరు మన వైపు పట్టుకుంటే నోరు కుడి పక్కకు ఉంటుంది. పలుచటి గుల్ల, నోటికి మూత ఉండదు. కూర వండుకునే పెద్ద నత్తకు మూత ఉంటుంది, దాన్ని చూసి భయపడక్కర్లేదు. పేడలోని జలగ గుడ్డు నీళ్లలో పడితే రెండు మూడు వారాల్లో పిల్ల బయటికొస్తుంది, ఒక రోజులోపు నత్త దొరక్కపోతే చస్తుంది. దొరికితే ఆ ఒక్కటే లోపల వందలుగా పెరుగుతుంది. తోకలతో బయటికి ఈదిన పిల్లలు తోక వదిలి, నీటి మట్టం దగ్గరి గడ్డి కాడకు అంటుకుని, గట్టి పొర కప్పుకుంటాయి. గసగసంలో నాలుగో వంతైనా ఉండవు, కంటికి ఆనవు. ఆ గడ్డితో పాటే పశువు కడుపులోకి పోతాయి. అందుకే నీళ్లలో మునిగిన అడుగు కాడలే ఎక్కువ ప్రమాదం. బాగా ఎండిన గడ్డి చాలా నయం.

మైలుతుత్తం (రాగి ఉండే కాపర్ సల్ఫేట్) చల్లి నత్తల్ని చంపడం పాత పద్ధతి. చేపలూ చస్తాయి, గొర్రెలకైతే రాగే విషం. బాతుల్ని దింపడం మేలు.

పరీక్షలోనూ ఒక చిక్కుంది. జలగ గుడ్డు బరువైనది, ఉప్పునీటిలో తేలదు; పేడను నీళ్లలో కలిపి, వడగట్టి, అడుగు మడ్డిలోనే చూడాలి. పిల్ల జలగలు కార్జాన్ని తొలుస్తున్న మొదటి మూడు నెలలూ అక్కడ కూడా గుడ్డు కనబడదు. ఆ దశలో ఆక్సీక్లోజనైడ్ అనే మందు తాగిస్తే డబ్బు దండగ, అది ముదురు జలగలకే పనిచేస్తుంది. పిల్ల జలగలకు ట్రైక్లాబెండజోల్ అనే మందు కావాలి, మోతాదు పశువు బరువును బట్టి.