మీ చెవులకేం కాలేదు: మ్యూజిక్ యాప్ ఎంచుకోవడంలో అపోహలు - వాస్తవాలు

"అన్నా, లాస్‌లెస్ ప్లాన్ తీసుకున్నా. తేడా ఏం తెలీట్లేదు. నా చెవులు గానీ పాడయ్యాయా?"

పాటలకి మాస్టరింగ్ చేయడం, అంటే విడుదలకి ముందు సౌండ్‌ని చివరిగా సరిదిద్దడం నా పని. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు గానీ, 2025లో స్పాటిఫై కూడా లాస్‌లెస్ (సౌండ్‌లో ఏమీ పోగొట్టకుండా పాట పంపడం) మొదలుపెట్టాక మరీ ఎక్కువైంది. అడిగేవాళ్లు సరదాకి అడగరు, నిజంగానే భయపడుతుంటారు. మొన్న వచ్చిన కుర్రాడిని "దేంతో వింటున్నావు?" అన్నా. జేబులోంచి బ్లూటూత్ ఇయర్‌బడ్స్ తీసి చూపించాడు. చెవుల తప్పేం లేదని అప్పుడే తేలిపోయింది.

అపోహ: పెద్ద క్వాలిటీ ప్లాన్ తీసుకుంటే పాట మరింత బాగా వినిపిస్తుంది.

వాస్తవం: ఫోన్ దాకా వచ్చేది ఒకటి, చెవి దాకా చేరేది ఒకటి. సీడీ క్వాలిటీ అంటే 1,411 కేబీపీఎస్, అంటే సెకనుకి అన్ని కిలోబిట్ల డేటా. లాస్‌లెస్ అంటే దాన్ని ఏమీ పోగొట్టకుండా కుదించి పంపడం. కానీ మామూలు బ్లూటూత్‌లో అది పట్టదు. బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే పద్ధతుల్ని కోడెక్‌లంటారు. వాటిలో ఎస్‌బీసీ సాధారణంగా 328 దగ్గర ఆగిపోతుంది, ఎల్‌డాక్ అన్నీ కుదిరితే 990 దాకా వెళ్తుంది. అంటే మీరు డబ్బు కట్టి తెప్పించుకున్న లాస్‌లెస్ పాటని ఫోనే విప్పి, మళ్లీ కొంత పోగొట్టి ఇయర్‌బడ్స్‌కి పంపుతోంది. 2021లో యాపిల్ లాస్‌లెస్ తెచ్చినప్పుడు, ఎయిర్‌పాడ్స్‌లో బ్లూటూత్ మీద అది రాదని ఆ కంపెనీయే చెప్పింది. అయినా "ఫలానా యాప్‌లో సౌండే వేరు" అనే ప్రచారం ఆగదు. ఆ మాట నమ్మి పాత ప్లాన్ వదిలేసి, ఎక్కువ డబ్బు కట్టి, చివరికి తమ చెవుల్నే అనుమానించుకునేవాళ్లని చూస్తే నాకు కడుపు మండుతుంది.

మరి వైరు పెట్టుకుని వింటే? అప్పుడు లాస్‌లెస్ పూర్తిగా అందుతుంది. తేడా వినిపిస్తుందా అంటే, చాలామందికి చాలా పాటల్లో వినిపించదు. వయొలిన్ వాయించే మిత్రుడొకడు దీని మీద నాతో పెద్ద వాదనే పెట్టుకున్నాడు. ఇంట్లో రెండు యాప్‌లు పక్కపక్కన పెట్టి విన్నాడట, ఒకదాంట్లో కమాను తీగని తాకే చప్పుడు కూడా స్పష్టంగా ఉందన్నాడు. స్టూడియోకి రమ్మన్నా. ఒకే మాస్టర్ నుంచి (పాట తుది రూపం నుంచి) ఒక లాస్‌లెస్ ఫైలు, ఒక 256 కేబీపీఎస్ ఏఏసీ ఫైలు (కొంత పోగొట్టి కుదించింది) తీశా. మీటర్ పెట్టి రెండింటి లౌడ్‌నెస్ సమానం చేశా. ఏది ఏదో చెప్పకుండా పదహారు సార్లు వినిపించా. పన్నెండు సరిగ్గా చెబితే తేడా పట్టుకున్నట్టు లెక్క. ఎనిమిది దగ్గర ఆగితే బొమ్మా బొరుసూ వేసినట్టే. వాడు తొమ్మిది చెప్పాడు.

మరి ఇంట్లో విన్న తేడా? అది అబద్ధం కాదు, నిజంగానే విన్నాడు. అయితే అది క్వాలిటీ తేడా కాదు, లౌడ్‌నెస్ తేడా. పాటలన్నీ ఒకే మోతాదులో వినిపించడానికి స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (పాట ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) తెస్తుంది. యాపిల్ మ్యూజిక్‌లో సౌండ్ చెక్ ఆన్ చేస్తే మైనస్ 16 చుట్టూ ఉంటుంది. ఆ రెండు డెసిబెళ్ల తేడాని మన చెవి "గట్టిగా ఉంది" అని చెప్పదు, "బాగుంది" అని చెబుతుంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ఇంజనీరుకైనా అంతే. నేను చేసిన రెండు మాస్టర్లలో ఒకటే మేలని రెండు రోజులు నమ్మాను. మీటర్ చూస్తే అది 0.8 డెసిబెల్ ఎక్కువుంది, అంతే.

అందుకే ప్లాన్ మార్చే ముందు సెట్టింగ్స్ తెరవండి. స్పాటిఫైలో క్వాలిటీ "లో" మీద ఉంటే సుమారు 24 కేబీపీఎస్, "నార్మల్" అయితే 96. డబ్బు కట్టే ప్లాన్‌ని బట్టి 320 దాకానో, ఆపైన లాస్‌లెస్ దాకానో పెట్టుకోవచ్చు. మొబైల్ డేటాకీ, వైఫైకీ, డౌన్‌లోడ్‌కీ విడివిడిగా ఉంటాయి, మూడూ చూసుకోవాలి. ఆ కుర్రాడి ఫోన్‌లో మొబైల్ డేటా మీద లాస్‌లెస్ ఆన్‌లోనే లేదు, "నార్మల్" ఉంది! 320కి మార్చి ఇస్తే, తాళాల చప్పుడు ఇప్పుడు విడిగా వినిపిస్తోందన్నాడు. 24 నుంచి పైకెళ్తే వచ్చే తేడా ఎవరికైనా తెలుస్తుంది, 96 నుంచి అయితే జాగ్రత్తగా వింటే తెలియవచ్చు. 320 అయితే గంటకి 144 ఎంబీ ఖర్చవుతుంది. సీడీ క్వాలిటీ లాస్‌లెస్‌కి దానికి రెండు మూడింతలు.

సీడీని మించిన క్వాలిటీ అని చెప్పే 192 కిలోహెర్ట్జ్ హైరెస్ గురించి ఒక్క మాటే. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు, సీడీలో ఉండే 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటే (సెకనుకి ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారన్నది) 22 కిలోహెర్ట్జ్ దాకా మోస్తుంది. వినడానికి అది చాలు.

అపోహ: ఎక్కువ పాటలున్న యాపే మంచిది. కాదు. పెద్ద యాప్‌లన్నిట్లోనూ పది కోట్లకి అటూ ఇటూ ఉన్నాయి. మీరు రోజూ వినే ఇరవై పాటలు కాగితం మీద రాసుకుని, ఫ్రీ ట్రయల్‌లో వెతకండి. దొరికింది అసలు పాటేనా, ఎవరో మళ్లీ పాడిందా అన్నది కూడా చూడండి. పాత సీడీల నుంచి తీసుకున్న ఫైళ్లు బోలెడున్నాయా? యూట్యూబ్ మ్యూజిక్ లక్ష పాటల దాకా సొంతవి ఎక్కించుకోనిస్తుంది. పాశ్చాత్య శాస్త్రీయం వింటే యాపిల్ 2023లో దానికోసమే తెచ్చిన విడి యాప్‌లో వెతకడం సులువు. కచేరీ రికార్డింగులు వినేవాళ్లు పాటకీ పాటకీ మధ్య చప్పుడు తెగుతోందేమో తప్పకుండా చూసుకోవాలి.

అపోహ: యాప్ మారితే ప్లేలిస్టులు పోతాయి. పోవు. సౌండిజ్, ట్యూన్‌మైమ్యూజిక్ లాంటి సర్వీసులు వాటిని కొత్త యాప్‌కి మోసుకెళ్తాయి. కొన్ని పాటల స్థానంలో లైవ్ వెర్షన్లు వచ్చి కూర్చుంటాయి కాబట్టి, సరిచూసుకునేదాకా పాత ఖాతా తీసేయకండి.

అపోహ: డౌన్‌లోడ్ చేసుకుంటే పాట నాదే. కాదు. ప్లాన్ ఆగితే అది మోగదు. స్పాటిఫైలోనైతే 30 రోజులకోసారి ఆన్‌లైన్‌కి రాకపోయినా డౌన్‌లోడ్లు పోతాయి. హక్కులు చేతులు మారితే డబ్బు కడుతున్నా సరే, పాట మాయం కావచ్చు. పోతే తట్టుకోలేనని మీకనిపించే పాటలుంటే ఫైలుగానో సీడీగానో కొని పెట్టుకోండి. నేను మాస్టర్ చేసిన ఒక ఆల్బమ్ ఓ రోజు పొద్దున్నే యాప్‌లో బూడిద రంగులోకి మారిపోయింది, అంటే ఇక మోగదు. అది పాడినావిడ ఫోన్ చేసి, తన దగ్గర కూడా కాపీ లేదంది. నా పాత హార్డ్‌డిస్క్ వెతికి, ఆమె పాటలు ఆమెకి నేనే పంపాను.