మైక్రోసాఫ్ట్ అమ్మకాలు రెండుసార్లు ఎందుకు తగ్గాయి?

1986లో స్టాక్ మార్కెట్‌కి ఎక్కింది మొదలు మైక్రోసాఫ్ట్ వార్షిక రాబడి వెనక్కి తగ్గింది రెండేసార్లు. జూన్‌తో ముగిసే ఆ కంపెనీ ఆర్థిక సంవత్సరాల లెక్కన ఒకటి 2009, రెండోది 2016. మొదటిసారి 6,042 కోట్ల డాలర్ల నుంచి 5,844 కోట్లకు దిగింది, అంటే 3 శాతం. రెండోసారి 9,358 కోట్ల నుంచి 8,532 కోట్లకు, దాదాపు 9 శాతం. మొదటిదానికి విండోస్ విస్టా వెర్షన్‌ను, రెండోదానికి విండోస్ 10ను ఊరికే పంచిపెట్టడాన్ని కారణంగా చెప్పేయడం అలవాటైపోయింది. రెంటిలోనూ కొంత నిజముంది గానీ, జరిగిన తీరు వేరు.

ముందు డబ్బు ఏ దారిన వస్తుందో చూడాలి. అప్పట్లో విండోస్ విభాగం రాబడిలో సుమారు 80 శాతం కంప్యూటర్ తయారీదారుల నుంచే వచ్చేది. డెల్, హెచ్‌పీ లాంటి కంపెనీలు కొత్త మిషన్లలో విండోస్ ముందే ఎక్కించి, ఒక్కో మిషన్‌కి ఇంత అని కట్టేవి. షాపులో విడిగా డిస్కు కొనుక్కునేవాళ్లు తక్కువ. అంటే కొన్నవాడికి నచ్చినా నచ్చకపోయినా లైసెన్సు సొమ్ము అప్పటికే చేరిపోయి ఉంటుంది. ఇలాంటి కంపెనీ రాబడి తగ్గాలంటే అమ్ముడయ్యే మిషన్ల సంఖ్యయినా తగ్గాలి, మిషన్‌కి దక్కే రేటయినా తగ్గాలి, లేదా వచ్చిన సొమ్మును ఎప్పుడు రాబడిగా రాయాలన్న పద్ధతయినా మారాలి.

విస్టా సంగతి ఇక్కడే తేలిపోతుంది. 2001 అక్టోబరులో దాని ముందు వెర్షన్ విండోస్ ఎక్స్‌పీ వచ్చాక ఐదేళ్లకు పైగా నాన్చి, 2007 జనవరి 30న విస్టాను మామూలు కొనుగోలుదార్లకు వదిలారు. పాత ప్రింటర్లను, స్కానర్లను నడిపే సాఫ్ట్‌వేర్లు (డ్రైవర్లు) చాలావాటికి దొరకలేదు. చిన్న సెట్టింగు మార్చబోయినా అనుమతి అడిగే పెట్టె పైకొచ్చేది. ‘విస్టా కేపబుల్’ స్టిక్కర్ అంటించిన మిషన్లలో కొన్ని ఏరో అనే కొత్త హంగుల తెరను నడపలేక, వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. ఇంత అప్రతిష్ఠ మూటగట్టుకున్నా 2008 ఆర్థిక సంవత్సరంలో కంపెనీ రాబడి 18 శాతం పెరిగింది! ఆఫీసులు విస్టా బిజినెస్ కొని, దాన్ని తీసేసి, పాత వెర్షన్‌కి వెళ్లే డౌన్‌గ్రేడ్ హక్కు కింద ఎక్స్‌పీ వేసుకున్నా సరే, పద్దులో అది విస్టా అమ్మకమే.

దెబ్బ నెట్‌బుక్, అంటే చవకైన చిన్న ల్యాప్‌టాప్ రూపంలో వచ్చింది. 2007 చివర్లో ఆసుస్ తెచ్చిన ఈ-పీసీ 701కి 7 అంగుళాల తెర, 512 ఎంబీ ర్యామ్, హార్డ్ డిస్కు బదులు 4 జీబీ ఫ్లాష్ మెమరీ. విస్టాలో చిన్న ఎడిషన్ అయిన హోమ్ బేసిక్‌కే డిస్కులో 15 జీబీ ఖాళీ కావాలి. ఇక పట్టేదెలా? ఆసుస్ అందులో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ పెట్టింది, మిషన్లు బాగానే అమ్ముడయ్యాయి. అప్పటికి మైక్రోసాఫ్ట్ 2008 జూన్ 30తో ఎక్స్‌పీ అమ్మకం ఆపేద్దామనుకుంటోంది. లినక్స్ అలా పాతుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేక, ఇలాంటి చవక మిషన్లకు మాత్రం ఎక్స్‌పీ హోమ్ గడువు పొడిగించింది. మళ్లీ నెట్‌బుక్కులను గెలుచుకుంది గానీ తక్కువ రేటుకు. అప్పటి పత్రికల అంచనా ప్రకారం విస్టా పెట్టిన మిషన్‌కి 50-60 డాలర్లు దక్కే చోట, ఎక్స్‌పీ నెట్‌బుక్ మీద 15 డాలర్లు కూడా మిగలలేదు. విస్టా తప్పు ఏమైనా ఉందంటే, నా లెక్కలో అది ఇదే: జనానికి నచ్చకపోవడం కాదు, చిన్న మిషన్‌లో పట్టకపోవడం.

దీని మీద 2008 శరదృతువులో ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. ఆఫీసులు పాత కంప్యూటర్లతోనే నెట్టుకొచ్చాయి. పెద్ద సంస్థలతో ఉన్న బహుళ ఏళ్ల ఒప్పందాల సొమ్ము కొద్దికొద్దిగా రాబడిలో చేరుతూ ఉంటుంది కాబట్టి దెబ్బ వెంటనే బయటపడలేదు. 2008 అక్టోబరు-డిసెంబరులో విండోస్ రాబడి 8 శాతం పడినా కంపెనీ మొత్తం రాబడి 2 శాతం పెరిగింది. 2009 జనవరిలో 5,000 ఉద్యోగాల దాకా కోత ప్రకటించారు. ఏప్రిల్-జూన్‌లో విండోస్ రాబడి ఏకంగా 29 శాతం పడింది, మొత్తం 17 శాతం. అందులో ఒక చిన్న మెలిక ఉంది: అప్పుడు విస్టా మిషన్ కొన్నవాళ్లు రాబోయే విండోస్ 7కి ఉచితంగా మారొచ్చన్న హామీ ఇచ్చినందుకు, 27.6 కోట్ల డాలర్లను ఆ త్రైమాసికంలో రాబడిగా రాసుకోకుండా వాయిదా వేశారు. విండోస్ 7 అక్టోబరు 22న విడుదలయ్యాక, అలా ఆపిన సొమ్మంతా డిసెంబరు త్రైమాసికంలోకి వచ్చిపడి రికార్డు రాబడి కనిపించింది. నెట్‌బుక్కుల కోసం చేసిన విండోస్ 7 స్టార్టర్‌లో వాల్‌పేపర్ మార్చుకునే వీలు కూడా ఇవ్వలేదు. ఎక్కువ డబ్బు పెట్టి పై ఎడిషన్‌కి వెళ్లమని నెట్టడమే కదా అది!

2009లో చిన్న మెలికగా ఉన్న ఆ వాయిదా, 2016కి వచ్చేసరికి అసలు కథ అయింది. 2015 జూలై 29న విండోస్ 10 వచ్చింది. విండోస్ 7, 8 వాడుతున్నవాళ్లకు ఏడాదిపాటు ఉచితం. దీనివల్లే రాబడి పోయిందనుకుంటారు గానీ, ఆ పాత మిషన్ల లైసెన్సు డబ్బు ఎప్పుడో వచ్చేసింది. ఇబ్బంది కొత్త మిషన్ల దగ్గర వచ్చింది. తర్వాత వచ్చే అప్‌డేట్లన్నీ ఉచితమని మాటిచ్చారు కాబట్టి, అప్పటి అకౌంటింగ్ నిబంధనల ప్రకారం లైసెన్సు సొమ్మును ఒకేసారి రాయడానికి లేదు. మిషన్ వాడే కాలం మీద, ఎక్కువగా 2 నుంచి 4 ఏళ్లకు, పరచాలి. ఉదాహరణకు లైసెన్సు 72 డాలర్లు, కాలం 3 ఏళ్లు అనుకుందాం. నెలకు 2 డాలర్లు. జనవరి మొదట్లో అమ్మితే జూన్ ఆఖరుకు రాబడిగా కనిపించేది 12 డాలర్లే. చేతికొచ్చిన మిగతా 60 ఇంకా సంపాదించని సొమ్ము కింద బ్యాలెన్స్ షీట్‌లో ఉంటుంది. ఆ ఏడాది ఇలా వెనక్కి జరిగింది నికరంగా 660 కోట్ల డాలర్లు.

మిగతాది నిజమైన నష్టమే. డాలరు బలపడి విదేశీ అమ్మకాల విలువ తగ్గింది. ఫోన్ల వ్యాపారం కుప్పకూలింది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యేనాటికే నోకియా ఫోన్ల కొనుగోలు ఒప్పందం కుదిరిపోయి ఉంది, ఏప్రిల్‌లో అది పూర్తయింది. ఏడాది తిరిగేసరికి దానికింద 760 కోట్ల డాలర్లు పద్దులోంచి కొట్టేశారు, 7,800 దాకా ఉద్యోగాలు తీసేశారు. 2015 ఆర్థిక సంవత్సరంలో నోకియా నుంచి వచ్చిన లూమియా ఫోన్లు 3.68 కోట్లు అమ్మిన కంపెనీ, మరుసటి ఏడాది అమ్మింది 1.38 కోట్లే. ఫోన్ల రాబడి 420 కోట్ల డాలర్లు తగ్గింది.

2017 జూలైలో మైక్రోసాఫ్ట్ కొత్త అకౌంటింగ్ ప్రమాణానికి మారింది. ఈ పద్ధతిలో విండోస్ 10 లైసెన్సు సొమ్ములో ఎక్కువ భాగాన్ని అమ్మినప్పుడే రాబడిగా రాస్తారు. పాత ఏళ్లను కూడా దాని ప్రకారం తిరగరాసినప్పుడు 2016 రాబడి 8,532 కోట్ల డాలర్ల నుంచి 9,115 కోట్లకు పెరిగింది. ఒక్క కాపీ కూడా అదనంగా అమ్మకుండానే.