మోటారుకు ఎక్కిళ్లు: ప్రెషర్ ట్యాంకు గురించి అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ చుట్టుపక్కల విల్లాల్లో, డూప్లెక్స్ ఇళ్లలో చాలాచోట్ల ఒకే ఏర్పాటు కనిపిస్తుంది. బోరు నీళ్లు సంపులో పడతాయి. సంపు పక్కన ఒక ప్రెషర్ పంపు, దానికి తగిలించిన గుండ్రటి ఇనుప ట్యాంకు ఉంటాయి. కుళాయి తిప్పితే మోటారు దానంతటదే లేస్తుంది, కట్టేస్తే కాసేపటికి ఆగుతుంది. బాగున్నన్నాళ్లూ ఆ ట్యాంకు ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. పాడైతే మాత్రం ముందు మోటారును తిడతారు, తర్వాత బోరును, ఆఖరికి మాలాంటి మెకానిక్‌లను. ఈ పనిలో నేను తరచూ వినే మాటలు, వాటి వెనకున్న అసలు సంగతి రాస్తున్నాను.

అపోహ: “మోటారు మాటిమాటికీ ఆన్, ఆఫ్ అవుతోంది. మోటారే పోయింది, మార్చేయండి.”

నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. ఒక ఇంట్లో ఇదే కారణంతో ఏడాదిలో రెండు మోటార్లు మార్చారు. నేను వెళ్లేసరికి మూడోదీ టక్ టక్ మంటోంది. ఆ ఇంటి పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని “దీనికి ఎక్కిళ్లు పట్టినయ్ బిడ్డా, నీళ్లు తాగించినా తగ్గుతలేవు” అంది. ఇన్నేళ్లలో ఈ జబ్బును ఇంత సరిగ్గా చెప్పినవాళ్లు నాకు ఇంకొకరు తగల్లేదు.

ట్యాంకు వెనకవైపు చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. అది తీస్తే లోపల స్కూటర్ టైరుకు ఉన్నట్టే గాలి పిన్ను ఉంటుంది. గోటితో నొక్కాను. గాలి రాలేదు, నీళ్లూ రాలేదు. అంటే లోపలి రబ్బరు సంచి బాగానే ఉంది, గాలి మాత్రం మొత్తం పోయింది. మోటారు స్విచ్ ఆపి, కుళాయి తిప్పి నీళ్లన్నీ వదిలేసి, కాలి పంపుతో గాలి కొట్టాను. వంద తొక్కులు దాటాక గానీ 1.2 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) రాలేదు, చొక్కా తడిసిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే మోటారు తిరిగింది, ఆగింది. బకెట్ పెట్టి కుళాయి తిప్పితే దాదాపు సగం నిండేదాకా మళ్లీ లేవలేదు.

కారణం చాలా సింపుల్. నీళ్లను ఎంత నొక్కినా నలగవు, గాలి నలుగుతుంది. ట్యాంకులో ఒక రబ్బరు సంచి, దాని నిండా నీళ్లు ఉంటాయి. సంచికీ ఇనుప గోడకూ మధ్య గాలి ఉంటుంది. మోటారు నీళ్లు తోస్తున్నప్పుడు నలిగిన ఆ గాలే, మోటారు ఆగాక నీళ్లను కుళాయిదాకా నెడుతుంది. గాలి లేకపోతే ఒక్క చెంబు వాడగానే ప్రెషర్ పడిపోయి మోటారు లేస్తుంది, సెకనులో ప్రెషర్ వచ్చేసి ఆగుతుంది. లేచిన ప్రతిసారీ మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. నిమిషానికి పదిహేనుసార్లు లేస్తే మోటారు లోపలి ఏ తీగచుట్ట (వైండింగ్) తట్టుకుంటుంది? ఆ రెండు మోటార్లూ అలా కాలిపోయినవే.

అపోహ: “గాలి చెక్ చేశాను, గేజి 2 బార్ చూపించింది. గాలి బాగానే ఉంది.”

ట్యాంకులో నీళ్లు ఉండగా గేజి పెడితే అది చూపించేది నీళ్ల ప్రెషర్. గాలి సగానికి సగం పోయినా 2 బార్ అనే చెబుతుంది. కరెంటు ఆపి, కింది కుళాయి తిప్పి, నీళ్లు రావడం పూర్తిగా ఆగాకే చూడాలి. ఎంత ఉండాలి? మోటారు ఏ ప్రెషర్ దగ్గర లేస్తుందో దానికి 0.2 బార్ తక్కువ. ప్రెషర్‌ను బట్టి మోటారును లేపి, ఆపేది ప్రెషర్ స్విచ్. ఇక్కడ దొరికే ఆ స్విచ్‌లు చాలావరకు 1.4 దగ్గర ఆన్, 2.8 దగ్గర ఆఫ్ అయ్యేలా వస్తాయి. వాటికి 1.2 బార్ సరిపోతుంది. పంక్చర్ షాపు గేజి లెక్కలో అయితే అదే 17, 18 పీఎస్ఐ.

అమెరికాలో ఊరి బయట సొంత బావి ఉన్న ఇళ్లు కొన్న మనవాళ్లూ అప్పుడప్పుడు వాట్సాప్‌లో వీడియోలు పంపుతుంటారు. అక్కడ ట్యాంకు బేస్‌మెంట్‌లో మనిషంత ఎత్తున ఉంటుంది, లెక్క మాత్రం ఇదే. స్విచ్ 40 పీఎస్ఐ దగ్గర ఆన్, 60 దగ్గర ఆఫ్ అయితే గాలి 38.

అపోహ: “ఎంత గాలి కొడితే అంత ప్రెషర్ వస్తుంది.”

రాదు. ప్రెషర్ ఇచ్చేది మోటారు. స్విచ్ ఆన్ అయ్యే ప్రెషర్ కంటే గాలి ఎక్కువైతే, మోటారు లేవకముందే సంచి ఖాళీ అవుతుంది. షవర్ కింద నిలబడితే నీళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ దబ్బున వస్తుంటాయి. అలా ఉంటే ఎవరో ఉత్సాహంగా గాలి కొట్టి వెళ్లారని అనుకోవచ్చు.

అపోహ: “24 లీటర్ల ట్యాంకు కదా, కరెంటు పోయినా స్నానం అయిపోతుంది.”

24 లీటర్లు ఇనుప డబ్బా సైజు. అందులో ఎక్కువ భాగం గాలికే పోతుంది. పైన చెప్పిన సెట్టింగ్‌లో మోటారు ఆగినప్పటి నుంచి మళ్లీ లేచేదాకా ఎనిమిది లీటర్లు వస్తే గొప్ప. తలకు షాంపూ పెట్టుకుని ఉన్నప్పుడు ఈ లెక్క గుర్తుంటే మంచిది.

అపోహ: “స్విచ్‌లో నట్టు బిగిస్తే పై అంతస్తుకూ ఫోర్సుగా వస్తుంది.”

దీనివల్ల పాడైన మోటార్లు తక్కువేం కాదు. ప్రెషర్ స్విచ్ మూత తీస్తే సాధారణంగా ఒక పెద్ద నట్టు, ఒక చిన్న నట్టు ఉంటాయి. పెద్దది తిప్పితే ఆన్, ఆఫ్ రెండూ కలిసి కదులుతాయి. చిన్నది ఆ రెంటి మధ్య తేడాను మారుస్తుంది. ఇప్పుడు మీ పంపు ఎంత కష్టపడినా 3.5 బార్ దాటలేదనుకోండి. నట్టు తిప్పి ఆఫ్ ప్రెషర్‌ను 4కు పెడితే అది ఆ అంకెను ఎప్పటికీ అందుకోదు, కాబట్టి ఎప్పటికీ ఆగదు. ఒక ఇంట్లో వాచ్‌మన్ చేసిన ఇలాంటి రిపేరు తర్వాత గీజర్ వేయకుండానే కుళాయిలో వేడినీళ్లు వస్తున్నాయని సంబరపడ్డారు. కదలని నీళ్లలో రాత్రంతా తిరిగి పంపే వాటిని కాచింది. నట్టు ముట్టుకోక తప్పకపోతే ముందు ఎంసీబీ (బోర్డులో కరెంటు కట్ చేసే స్విచ్) ఆపండి, మార్కర్‌తో గుర్తు పెట్టుకుని పావు చుట్టు మాత్రమే తిప్పండి. ఆన్ ప్రెషర్ మారితే దానికి తగ్గట్టు గాలి కూడా మార్చాలి.

అపోహ: “రాత్రి ఎవరూ కుళాయి తిప్పకపోయినా మోటారు లేస్తోంది. ట్యాంకు లీకవుతోంది.”

ట్యాంకు లీకైతే కింద తడి కనిపిస్తుంది. తడి లేదంటే దొంగ ఎక్కడో ఉన్నాడు. పట్టుకోవడం తేలికే. ట్యాంకు దాటాక ఇంట్లోకి వెళ్లే వాల్వ్ కట్టేసి, గేజి ముల్లు ఎక్కడుందో చూసి అరగంట వదిలేయండి. ముల్లు దిగితే పంపు దగ్గరి ఎన్నార్వీ (నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వ్) సరిగ్గా మూసుకోవట్లేదు, నీళ్లు వెనక్కి సంపులోకి జారుతున్నాయి. బోరు నీళ్ల ఉప్పు, ఇసుక రేణువులు అందులో ఇరుక్కోవడం మామూలే. ముల్లు కదలకపోతే లీకు ఇంట్లోనే. నేను ముందు టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులు చూస్తాను. బట్టలకు పెట్టే నీలం నాలుగు చుక్కలు అందులో వేసి, ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగితే, లీకున్న కమోడ్‌లోకి నీలం రంగు దిగుతుంది.

ఒక చిన్న మాట: చాలా ఇళ్లలో ఆ గేజి ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. మోటారు లేచినా ఆగినా ముల్లు ఒకేచోట ఉంటే ముందు దాన్ని మార్చండి. స్విచ్‌కు వెళ్లే సన్నటి దారి ఉప్పు పట్టి మూసుకుపోయినా స్విచ్‌కు ప్రెషర్ తెలియక ఇష్టమొచ్చినట్టు చేస్తుంది.

అపోహ: “కుళాయిలో బుస్ బుస్ మని గాలి వస్తోంది, రబ్బరు చిరిగిపోయింది.”

చిరిగితే ఆ చుట్టూ ఉన్న గాలి కాసేపు వచ్చి అయిపోతుంది. రోజూ వస్తోందంటే సంపులో నీళ్లు ఫుట్ వాల్వ్ (పంపు నీళ్లు లాగే పైపు అడుగున ఉండే వాల్వ్) కిందకు దిగాయి, లేదా ఆ లాగే పైపు (సక్షన్ పైపు) జాయింటు గాలి పీలుస్తోంది. ఎండాకాలంలో బోరు తగ్గినప్పుడు మొదటిదే ఎక్కువ. అలాగే వదిలేస్తే పంపు నీళ్లు లేకుండా తిరిగి సీలు కాలుతుంది.

రబ్బరు నిజంగా చిరిగిందా అంటే గాలి పిన్ను నొక్కి చూడటమే. నీళ్లు చిమ్మితే చిరిగినట్టే. ఇక గాలి కొట్టి లాభం లేదు. అలాగని ట్యాంకు మొత్తం మార్చమంటే వెంటనే తలూపకండి. 24 లీటర్ల రకాల్లో చాలావాటికి ముందువైపు ఆరు బోల్టులతో బిగించిన ఇనుప మూత (ఫ్లాంజ్) ఉంటుంది. ప్రెషర్ వదిలేసి, అది విప్పి రబ్బరు సంచి ఒక్కటే మార్చుకోవచ్చు. ఫ్లాంజ్ లేకుండా మూసేసి వచ్చే రకం అయితే కొత్తది కొనక తప్పదు.

గాలి చూసుకోవడం, నీలం చుక్కలు, వాల్వ్ పరీక్ష వరకు ఎవరైనా చేసుకోవచ్చు. ఆరు నెలలకోసారి గాలి చూసుకుంటే నాకు ఫోన్లు తగ్గుతాయి, పర్లేదు. మోటారు బాడీని ముట్టుకుంటే జివ్వుమంటుంటే మాత్రం టెస్టర్ పట్టుకుని ప్రయోగాలు వద్దు. ఎంసీబీ కట్టేసి ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేయండి. ఆయన ఎర్తింగ్ చూసి వెళ్లాకే నేను ఆ పంపు మీద చెయ్యి వేస్తాను.